జింకల మధ్య గ్రేడ్ల పరుగు

బయట చెన్నై హోరు. బస్సులు, ఆటోలు, ఉక్కపోత. గేటు దాటి నాలుగడుగులు వేయగానే అదంతా ఎటు పోయిందో! రోడ్డుకి రెండువైపులా ఊడలు దిగిన మర్రిచెట్లు. వాటి కింద తాపీగా గడ్డి మేస్తున్న చుక్కల దుప్పులు. మనిషిని చూసి బెదరవు కూడా. ఇది అభయారణ్యం కాదండోయ్... మద్రాసు ఐఐటీ!

పశ్చిమ జర్మనీ సాయంతో 1959లో మొదలైన ఈ సంస్థకి 600 ఎకరాలకు పైగా స్థలం ఉంది. పక్కనే గిండీ జాతీయ పార్కు. అదృష్టం ఉంటే కృష్ణజింకలూ కనిపిస్తాయి. కోతుల సంగతి సరేసరి, హాస్టల్ గది కిటికీ తెరిచి ఉంచితే బిస్కెట్ ప్యాకెట్ మాయం! హాస్టళ్లకి నదుల పేర్లు... గంగ, నర్మద, అలకనంద. మన గోదావరి కూడా ఉంది. పొద్దున 8 గంటల క్లాసుకి సైకిళ్లు బారులు తీరతాయి.

ఇంత ప్రశాంతమైన చోట చదువుకునే పిల్లలకి బెంగేముంటుంది అనిపిస్తుంది. ఉంటుంది మరి.

ఇక్కడికొచ్చిన ప్రతి ఒక్కరూ వాళ్ల బడిలో ఫస్టే. మన దగ్గర హైస్కూల్లో చేరగానే 'ఐఐటీ ఫౌండేషన్' మొదలు. ఒకప్పుడు హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య మాస్టారి దగ్గర సీటుకే ఎంట్రన్స్ ఉండేది. ఆ ఎంట్రన్స్‌కి మళ్లీ కోచింగ్! పండగలూ పెళ్లిళ్లూ మానుకుని చదివి ర్యాంకు తెచ్చుకుంటే, 'ఇక గట్టెక్కాడు' అనుకుంటారు ఇంట్లో. నిజానికి అప్పుడే ఇంకో ఏరు ఎదురవుతుంది.

సెమిస్టర్‌కి రెండు క్విజ్‌లు, ఆఖర్న పెద్దపరీక్ష. హాజరు తగ్గితే ఆ పరీక్ష రాయనివ్వరు. 'ఎస్' గ్రేడు అంటే పదికి పది, 'యు' అంటే తప్పినట్టు. చాలా సబ్జెక్టుల్లో మనకెన్ని మార్కులొచ్చాయన్నదే కాదు, తరగతిలో మిగతావాళ్లు ఎలా రాశారన్నదీ చూసి గ్రేడు ఇస్తారు. అందరూ ఫస్టులే అయినా ఎవరో ఒకరు కింద ఉండాల్సిందేగా! పుట్టి బుద్ధెరిగి మొదటిసారి వెనకబడిన పిల్లాడికి, ఆ మాట ఇంట్లో చెప్పడం క్విజ్‌ కన్నా కష్టం.

నేను వెళ్లిన సాయంత్రం, చెట్టు కింద ఓ తెలుగు కుర్రాడు ఫోన్లో మాట్లాడుతున్నాడు. 'బాగానే రాశాను నాన్నా... ఆ, తిన్నాను.' ఫోన్ పెట్టేసి చాలాసేపు దుప్పులకేసి చూస్తూ కూర్చున్నాడు. పలకరిస్తే నవ్వాడు. 'నాన్న మార్కులు అడగడం తప్పు కాదన్నా. ఇంకేమీ అడగరు, అదే...' అంటూ సైకిలెక్కాడు.

2023లో కొన్ని నెలల వ్యవధిలోనే ఈ క్యాంపస్ పలువురు విద్యార్థుల్ని పోగొట్టుకుంది. ఒక్కొక్కరిది ఒక్కో బాధ, అన్నిటినీ మార్కుల ఖాతాలో వేయలేం. కానీ మనసులో మాట చెప్పుకోవడానికి ఓ మనిషి కావాలన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది. కౌన్సెలర్లున్నారు. కేంద్రం 2022లో ప్రారంభించిన టెలిమానస్ 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అయినా ఆ పిల్లలు ముందుగా ఎదురుచూసేది ఇంటి నుంచి వచ్చే ఫోన్ కోసమే.

ఈ ఆదివారం హాస్టల్లో ఉన్న మీ అబ్బాయికో అమ్మాయికో ఫోన్ చేస్తున్నారా? క్విజ్ సంగతి తర్వాత. ముందు జింకల గురించి అడగండి!