పాత కారుకు కొత్త వేషం

పాత నగ చెరిపించి కొత్త నగ చేయించుకోవటంలో ఉన్న నష్టం సంగతి మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. కంసాలి తరుగు తీస్తాడు, మజూరీ వేస్తాడు. మళ్ళీ అమ్మబోతే ఆ రెండూ తిరిగి రావు. కొనేవాడు బంగారాన్ని తూస్తాడు గాని, పనితనానికి మనమిచ్చిన డబ్బును తూయడు. చెరిపించినది నాయనమ్మ నాటి కాసులపేరయితే నష్టం అంతటితో ఆగదు. అటువంటిది మళ్ళీ పుట్టదు గనుక, దానికి పాతదనం వల్ల వచ్చిన విలువ కూడా కరిగిపోతుంది.

పాత మోటారు కార్ల విషయంలోనూ సరిగ్గా ఇదే లెక్క అని మా అన్నయ్య కారు అమ్మకం దగ్గర తెలిసింది.

అన్నయ్య అంటే మా పెదనాన్నగారి అబ్బాయి. కాకినాడలో ఉంటాడు. కారు 1968 నాటి అంబాసిడరు, మార్క్ టూ. ఆ రోజుల్లో కారు కావాలంటే డబ్బుంటే చాలదు. పేరు నమోదు చేయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. పెదనాన్నగారు అలా కాచుకుని కొన్నారు. బ్రిటిషు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన బండి అది. ఆ కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. పెదనాన్నగారి బండిలో 1489 సి.సి. పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముందర ముగ్గురు సర్దుకు కూర్చునే బల్లలాంటి సీటు, పైన మీగడ రంగు.

2006లో అన్నయ్య ఆ బండికి షష్టిపూర్తి చేసినంత హడావిడి చేశాడు. పాత ఇంజను దింపించి, తర్వాతి కాలపు అంబాసిడర్లలో వచ్చిన ఇసుజు ఇంజను వేయించాడు. దానితోపాటు గేరు కడ్డీ నేలమీదికి వచ్చింది. అందుకోసం అడుగు రేకు కోశారు. బల్లసీటు పోయి విడివిడి మెత్తని సీట్లు వచ్చాయి. ఏ.సి. పెట్టించాడు. మీగడ రంగు మీద తళతళలాడే ఎరుపు కొట్టించాడు. వీధిలో వెళుతుంటే జనం ఆగి చూసేవారు.

కిందటి ఏడాది వదినకు రెండు మోకాళ్ళకూ ఆపరేషను తప్పదన్నారు. చేతిలో ఉన్నది చాలదు. కారు అమ్ముదామన్నాడు అన్నయ్య. కొన్న ధర, మార్పులకయిన ఖర్చు, పాతబండి అన్న గౌరవం – మూడూ కూడి ఒక అంకె మనసులో పెట్టుకున్నాడు.

పాత కార్లు సేకరించే పెద్దమనిషి ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ ఎత్తి చూసి, నెమ్మదిగా అడిగాడు.

“అసలు ఇంజను ఏమయిందండీ?”

“ఆ ముసలి ఇంజను ఎందుకండీ! ఇది దానికన్నా ఎంతో బాగా లాగుతుంది,” అన్నాడు అన్నయ్య.

“బాగా లాగే బండి కావాలంటే కొత్తదే కొనుక్కుంటాను గదండీ!”

ఆ మాటకు అన్నయ్య దగ్గరా, పక్కనే ఉన్న నా దగ్గరా జవాబు లేదు. ఆయన వివరంగా చెప్పాడు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు వేరే రిజిస్ట్రేషను పద్ధతి పెట్టింది. మొదటిసారి నమోదయి 50 ఏళ్ళు దాటిన సొంత కార్లకూ, మోటారు సైకిళ్ళకూ అది వర్తిస్తుంది. రుసుము 20,000 రూపాయలు; నమోదు పదేళ్ళు చెల్లుతుంది; తర్వాత పునర్నమోదుకు 5,000. నంబరులో ‘వి.ఎ.’ అన్న రెండక్షరాలు చేరతాయి. అయితే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. మా బండికి వయసుంది గాని యోగ్యత లేదు.

ఇంకో చిక్కు. ఆర్.సి.లో ఉన్నది పాత ఇంజను నంబరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట నిర్ణయించిన వివరాలతో పొసగని మార్పులు యజమాని చేయరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. సేకరించేవారు ముందుగా చూసేది ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ కాగితాలతో కలిశాయా అనే. జాతకాలు కలవని సంబంధంలా ఆయన లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత ఊళ్ళోనే ఒకాయన వచ్చాడు. ఆయనకు తిరగటానికి కారు కావాలి. ఆయన దీన్ని పదేళ్ళనాటి మామూలు కారుతో పోల్చి, దానికన్నా తక్కువ ధర చెప్పాడు. మార్పులకయిన ఖర్చులో సగం కూడా లేదు. వాడుకునేవాడికి ఇది మరీ పాతది. దాచుకునేవాడికి మరీ కొత్తది. ఆ రెండింటికీ మధ్య మా అన్నయ్య!

ప్రపంచమంతటా ఇదే తంతు. ఫ్రాన్సులో బయ్యోన్ అనే కుటుంబం వారి పాకల్లో దశాబ్దాలు దుమ్ముకొట్టుకున్న కార్లను 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేశారు. అందులో పాత పత్రికల కట్టల కింద దొరికిన 1961 నాటి ఫెరారీ ఒకటి కోటీ అరవై లక్షల యూరోలకు పైగా పలికింది. దాన్ని బాగుచేయలేదు సరిగదా, కడగనుకూడా లేదు! మార్పు ధర పెంచిన సందర్భాలూ లేకపోలేదు. జార్జ్ బారిస్ అనే ఆయన 1955 నాటి లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారును ఒక్క డాలరుకు సంపాదించి, 1966లో వచ్చిన టెలివిజను కథ కోసం బ్యాట్‌మొబైల్‌గా మార్చాడు. 2013లో దాని పాట 42 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. అక్కడ మార్పే చరిత్ర అయింది. మా అన్నయ్య బండికి ఆ అదృష్టం పట్టలేదు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఎఱ్ఱన గుర్తుకొచ్చాడు. నన్నయ వదలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, అది నన్నయే రాసినట్లు రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. తన చేయి కనబడనీయకుండా బాగుచేయటమంటే అది. తాళపత్రం దొరికింది గదా అని సొంత పద్యాలు ఇరికించే లేఖకుని పని వేరు.

చివరికి దారి చూపినవాడు ఇంజను మార్చిన ముసలి మేస్త్రీ. ఏదో మాటవరసకు అన్నయ్య తన గోడు చెప్పుకుంటే, షెడ్డు మూలనున్న టార్పాలిన్ గుడ్డ తీసి చూపించాడు. పాత ఇంజను! పక్కన గోనెసంచిలో పాత గేరు కడ్డీలు. “పెద్దబాబుగారి బండిది. తూకానికి వెయ్యబుద్ధి కాలేదండీ,” అన్నాడు. తుడిస్తే నంబరు స్పష్టంగా ఉంది. కబురు అందగానే హైదరాబాదాయన మళ్ళీ వచ్చాడు. ఇంజను తిరిగి ఎక్కించటానికి, కోసిన రేకు అతికించటానికి, బల్లసీటు వెతికించటానికి, రంగుకు అయ్యే ఖర్చంతా మినహాయించుకున్నా, మొదటి బేరం కన్నా బాగా ఎక్కువే ఇచ్చాడు. తాకని బండికి వచ్చే ధర మాత్రం కాదు. ఆపరేషనుకు చాలినంత వచ్చింది.

కనుక పాత బండి ఉన్నవారికి ఒక్క మాట. సుఖం కోసం మార్పు కావాలంటే, మళ్ళీ విప్పితే పాత రూపం వచ్చేలా చేయించండి. రేకు కోయనివ్వకండి. తీసిన ప్రతి మరా దాచండి, రసీదులు దాచండి. నంబర్ల జోలికి పోకండి. ఏ మార్పు చేయించే ముందయినా రవాణా కార్యాలయంలో అడగండి.

ఈ నీతి అంతా వదినకు వినిపించాను. ఆమె కొత్త మోకాళ్ళతో వరండాలో మెల్లగా నడుస్తూ అంది:

“నిజమే మరిదిగారూ! కాని నడుము విరగ్గొట్టే ఆ బల్లసీటు మీద నేను అన్నవరం దాకా కూడా వెళ్ళలేకపోయేదాన్ని. పద్ధెనిమిదేళ్ళు చల్లగా, మెత్తగా ఊళ్ళన్నీ తిరిగాను. అది ఆయన ఏ పద్దు కింద మినహాయించుకున్నాడో కాస్త అడగండి.”