గట్టు మీద టేకు రాసిపెట్టిన వానల లెక్క



మన పెందుర్తి చుట్టుపక్కల ఇప్పుడు ఎటు చూసినా లేఅవుట్లే. పొలం అమ్మేముందు గట్టు మీద చెట్లు కొట్టించడం, పొక్లెయిన్‌తో మొదళ్లు పెకలించడం మామూలైపోయింది. కలప డబ్బులు చేతికొస్తాయి, సరే. కానీ ఆ మొదలుతో పాటు ఇంకోటి కూడా పోతోంది. కాస్త ఓపిగ్గా చదవండి.

టేకు మొద్దు కోత ఎప్పుడైనా గమనించారా? మధ్యలో చేవ, చుట్టూ తెల్లచెక్క, వాటినిండా గుండ్రంగా గీతలు. టేకు ఎండలకి ఆకు రాల్చి ఊరుకుంటుంది. మళ్లీ పెరగడం మొదలుపెట్టినప్పుడు పెద్ద రంధ్రాలున్న చెక్క వేస్తుంది, తర్వాత గట్టి చెక్క వేస్తుంది. రెండూ కలిపితే ఒక ఏడాది. వాన బాగా పడితే ఆ వలయం వెడల్పు, ఎండగడితే సన్నం. అన్ని చెట్లూ ఈ లెక్క చెప్పవు. తాటికి, కొబ్బరికి అసలు ఏటేటా వేసే వలయాలే ఉండవు.

ఇదేదో ఊసుపోక చెప్తున్న మాట కాదు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు కేరళ టేకు చెట్ల నుంచి 1481 మొదలు 2003 దాకా, అంటే 523 ఏళ్ల లెక్క తీశారు. ఎల్‌నినో వచ్చి వానలు తగ్గిన ఏళ్లలో వలయాలు సన్నబడ్డాయని తేల్చారు. దానికి చెట్టు కొట్టక్కర్లేదు. బోలు బరమాతో పెన్సిలంత పుల్ల తీస్తే చాలు.

2010లో ఆసియాలో 300కు పైగా చోట్ల వలయాలు కలిపి కరువుల పటం ఒకటి వేశారు. 1876-78 కరువు అందులో కనిపిస్తుంది. మన పెద్దలు ధాత కరువు అన్నది ఆ రోజులనే. 1790 నుంచి 1796 దాకా వచ్చిన కరువు కూడా కనిపిస్తుంది. 1790-92లో మన విశాఖ జిల్లా ఉన్న ఉత్తర సర్కారుల్లో జనం తిండిలేక చచ్చారని చరిత్రలో ఉంది. మనుషులు రాసిందీ చెట్టు రాసిందీ ఒకటేనన్నమాట.

అయితే ఒక్క చెట్టు మాట నమ్మకూడదు. నడుమ వాన ఆగి మళ్లీ పడితే ఒకే ఏడాదికి రెండు గీతలు పడొచ్చు. మరీ కరువైతే గీతే పడకపోవచ్చు. పురుగు తిన్నా, కొమ్మలు నరికినా వలయం సన్నబడుతుంది. అందుకే పది చెట్లు పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. బోరు నీళ్లు తాగిన చెట్టు వాన సంగతి సరిగ్గా చెప్పదు. గట్టు మీద వాననీళ్లతో బతికినదే అసలు సాక్షి.

పాత ఇంటి దూలం కూడా చెప్తుంది గానీ, వడ్రంగి తెల్లచెక్క చెక్కేసి ఉంటే పై వలయాలు పోతాయి. అప్పుడు చెట్టు ఏ ఏడు కొట్టారో కచ్చితంగా తేలదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మనల్ని ఎలా ఊపిందో ఎవరూ మర్చిపోలేదు. ఆ గాలికి ఒరిగి బతికిన చెట్టుంటే, ఆ తర్వాత వలయాలు ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నంగా ఉండొచ్చు. బెరడు నుంచి లోపలికి లెక్కపెట్టి చూడండి.

ఇదంతా మనకెందుకంటారా? "మా చిన్నప్పుడు వానలు బాగా పడేవి" అని అందరం అంటాం. నిజమో కాదో తేల్చడానికి మన చేలో వాన లెక్క ఏ కాయితంలో ఉంది? గెడ్డకి అవతల పడ్డ వాన ఇవతల పడదు. మన పొలంలో పడ్డ వాన గుర్తున్నది ఆ చెట్టుకే.

అమ్మొద్దని నేను అనను, ఎవరి అవసరం వాళ్లది. చెట్టు కొట్టాక మొదలుని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, నీళ్లతో తడిపి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఏ ఏడు కొట్టారో, బోరు నీళ్లు పెట్టారో లేదో రాసి దాచండి. పావుగంట పని. పొక్లెయిన్ వచ్చాక మాత్రం చేయలేం.

మీ మొద్దులో ఎన్ని వలయాలొచ్చాయో, ఏ ఏడు మరీ సన్నంగా ఉందో కింద రాయండి. పక్క ఊరి లెక్కతో కలిపి చూద్దాం.