తొలిపట్టు

'లో-ఎండ్ పవర్' అనే మాటను తెలుగులో ఏమనాలి? ఈ ప్రశ్న నన్ను నాలుగు వారాలపాటు వేధించింది. ప్రశ్న పుట్టినది నిఘంటువుల మధ్య కాదు, అమెరికాలో, జార్జియా రాష్ట్రపు ఉత్తర భాగంలో, ఒక కొండవాలు మీద.

2023 శరత్కాలంలో నేను మా అమ్మాయి వాళ్ళింట ఉన్నాను. మా అల్లుడుగారికి ఆ కొండల్లో కొద్ది ఎకరాల అడవినేల ఉంది. అక్కడి మట్టి మన మెట్టపొలాల మట్టిలాగే ఎర్రన. వాన కురిస్తే కాలు మడమదాకా దిగబడుతుంది. ఎండి పడిపోయిన చెట్లను దుంగలుగా కోసి, చిన్న ట్రెయిలరులో వేసుకొని, మిట్టమీది కొట్టానికి చేరవేయడానికి ఆయన ఒక ఏటీవీని వాడుతారు. ఆల్ టెరైన్ వెహికిల్ అన్నమాట. 'సర్వభూతల వాహనం' అందామంటే, పదవిభజన తెలియని వారికి అది భూతాలెక్కే వాహనమని తోచే ప్రమాదముంది. కనుక ఏటీవీ అనే అంటాను.

దీని పుట్టుక చిత్రమైనది. 1970లో హోండా సంస్థ యూఎస్90 అనే పేరుతో, ఉబ్బు టైర్లతో, మూడు చక్రాల బండిని అమెరికాలో అమ్మకానికి పెట్టింది. 1980ల తొలినాళ్ళలో సుజుకీ నాలుగు చక్రాలది తెచ్చింది. మూడు చక్రాలవి తిరగబడి ప్రాణాలు తీస్తున్నాయన్న ఆందోళన పెరిగి, 1988లో ప్రభుత్వానికీ తయారీదారులకూ కుదిరిన ఒప్పందంతో వాటి అమ్మకం ఆగిపోయింది. ఈ చివరి సంగతిని చదువరులు మనసులో ఉంచుకోవాలి. దానితో నాకు తరువాత పని పడింది.

ఇక అసలు చిక్కు. బురదలో దిగబడుతున్నదని అల్లుడుగారు ఇరవై ఐదు అంగుళాల టైర్లు తీసి ఇరవై ఎనిమిదివి వేయించారు. బురద బాధ తీరింది. కాని దుంగల బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు, వాలు మధ్యకు రాగానే ఇంజను మూలగడం, బెల్టు కాలిన వాసన రావడం మొదలైంది. లెక్క తేలికైనదే. చక్రం వ్యాసం 25 నుంచి 28కి పెరిగితే, ఇరుసు తిప్పే బలం అంతే ఉన్నప్పుడు, నేలను వెనక్కు నెట్టే బలం నూటికి దాదాపు పదకొండు వంతులు తగ్గుతుంది. పైగా టైరు బరువు కూడా పెరిగింది. ఆ బరువు ఇరుసుకు దూరాన చేరింది.

"ఇంజను విప్పి పెద్ద సిలిండరు, కొత్త క్యామ్‌షాఫ్టు వేయిద్దాం మామయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. పక్క పొలం ఆసామి మాత్రం ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా ట్రాక్టర్లు బాగుచేసుకున్నవాడు. "ముందు క్లచ్ మూత తీసి చూడండి" అన్నాడు. ఆయన ఇంగ్లీషు యాస నాకు సగమే అందేది. మిగిలిన సగాన్ని మా పన్నెండేళ్ళ మనవడు తెలుగు చేసి చెప్పవలసి వచ్చింది. వాడి తెలుగు వంటింటికీ పడకగదికీ సరిపోయేంతే. అన్నం, నీళ్ళు, నిద్ర, వద్దు, చాలు. యంత్రం విప్పిన తరువాత వాడి దగ్గర మాటల్లేవు. నా దగ్గర మాటలున్నాయి గాని ఏది దేనికి తగిలించాలో తెలియదు. మా ఇద్దరి పేదరికాలూ అక్కడ కలుసుకున్నాయి.

మూత తీస్తే కనబడినవి రెండు గిలకలు, వాటిని చుట్టిన ఒక వెడల్పాటి రబ్బరు బెల్టు. బావి గిలక నిలువునా రెండు బిళ్ళలుగా చీలి ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ బిళ్ళలు దగ్గరకూ దూరంగానూ జరుగుతాయి. ముందు గిలక ఇంజనుకు, వెనుక గిలక చక్రాల వైపుకు. ముందు బిళ్ళలు ఎడంగా ఉన్నప్పుడు బెల్టు లోపలికి దిగి చిన్న వృత్తంలో తిరుగుతుంది. అదే సమయంలో వెనుక పెద్ద వృత్తంలో తిరుగుతుంది. వేగం తక్కువ, లాగుడు ఎక్కువ. ఇంజను జోరందుకున్న కొద్దీ ముందు బిళ్ళలు దగ్గరై బెల్టును పైకి నెడతాయి, వెనుక బిళ్ళలు విడిపోతాయి. అప్పుడు లాగుడు తగ్గి వేగం పెరుగుతుంది. గేర్లు మార్చే పని లేదు.

ఇది మనకు కొత్తది కాదు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాలోనూ, 2001లో వచ్చిన యాక్టివాలోనూ ఉన్నది ఈ ఏర్పాటే. అంతకుముందు 1958లోనే డచ్చి దేశపు డాఫ్ కారులో ఇది ఉంది. గేర్లు లేని బండి అని మనం తేలికగా అనేస్తాము. నిజానికి అది గేర్లు లేని బండి కాదు, లెక్కలేనన్ని గేర్లున్న బండి!

మరి ముందు బిళ్ళలను ఎవరు నెడుతున్నారు? లోపల చిన్న చిన్న దొర్లుడు గుండ్లున్నాయి. గిలక తిరుగుతుంటే అవి అపకేంద్ర బలంతో వెలుపలికి పరుగెత్తి, ఏటవాలు గాడి మీద ఎక్కుతూ బిళ్ళను తోస్తాయి. (కొన్ని సంస్థల యంత్రాల్లో గుండ్ల బదులు రెక్కల్లాంటి తూకాలు, వాటికెదురు ఒక స్ప్రింగు ఉంటాయి. సూత్రం ఒకటే.) గుండు బరువైతే ఇంజను ఇంకా పూర్తిగా పుంజుకోకముందే బిళ్ళను తోసేస్తుంది. అంటే ఎడ్లు ఇంకా మెడ వంచకముందే బండిని పరుగెత్తమన్నట్టు. గుండు తేలికైతే, అదే తోపుకు ఇంజను మరింత వేగంగా తిరగాలి. ఆ తోపు బరువును బట్టీ, వేగం వర్గాన్ని బట్టీ ఉంటుంది కనుక, పద్దెనిమిది గ్రాముల గుండు స్థానంలో పదహారు గ్రాములది వేస్తే ఇంజను సుమారు ఆరు శాతం ఎక్కువ వేగం అందుకున్నాకనే బెల్టు పైకి కదులుతుంది. రెండు గ్రాములు! ఒక చిటికెడు ఉప్పు పాటి బరువు, దుంగల బండి మిట్ట ఎక్కుతుందో లేదో తేలుస్తున్నది.

వెనుక గిలకలో మరో స్ప్రింగు ఉంది. అది బిళ్ళలను దగ్గరకు నొక్కుతూ బెల్టును పట్టి ఉంచుతుంది. దాన్ని కాస్త గట్టిదిగా మారిస్తే, ఎత్తు ఎదురైనప్పుడు బెల్టు చప్పున లాగుడు స్థితికి దిగుతుంది, జారదు. కాలిన వాసన బెల్టు జారడం వల్లనే. అయితే మరీ గట్టిదైతే చదును నేల మీద వేగం చావడం, ఇంజను అనవసరంగా అరవడం జరుగుతాయి.

ఒక్క సంగతి స్పష్టంగా చెప్పాలి. గుండ్లు గాని స్ప్రింగు గాని బండికున్న అతి తక్కువ గేరు నిష్పత్తిని మార్చలేవు. అది కావాలంటే లోపలి పళ్ళచక్రాలనే మార్చుకోవాలి. ఇవి చేసేదల్లా ఇంజనును అది బాగా పనిచేసే చోట నిలిపి ఉంచడమే. కొత్త బలాన్ని ఇవ్వవు, ఉన్న బలం వృథా కాకుండా చూస్తాయి. మన మోటబావుల దగ్గర ఎడ్లు వాలులోకి దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చునేవాడు. ఎడ్లకు కొత్త సత్తువ రాలేదు. వాడి బరువు సరైన చోట, సరైన క్షణాన కలిసింది.

ఇంజను విప్పడం సంగతి వేరు. సిలిండరు వ్యాసం ఎనభై ఐదు మిల్లీమీటర్ల నుంచి ఎనభై ఎనిమిదికి పెంచితే, వ్యాసం వర్గాన్ని బట్టి ఘనపరిమాణం ఏడు శాతం పెరుగుతుంది. పిస్టన్ నొక్కుడు నిష్పత్తి పెంచితే అడుగు వేగాల్లోనూ బలం పెరుగుతుంది గాని, ఎక్కువ ఆక్టేను గల ఖరీదైన పెట్రోలు పోయవలసి రావచ్చు. క్యామ్‌షాఫ్టు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కవాటాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే పందెపు క్యాము పై వేగాల్లో మెరుస్తుంది, అడుగున నీరసిస్తుంది. లాగుడు కావాలంటే కవాటం త్వరగా మూసుకునేది ఎంచుకోవాలి. మరీ పెద్ద కార్బురేటరు, మరీ వెడల్పైన పొగగొట్టమూ ఇలాగే. గొప్పగా మోగుతాయి, మిట్ట దగ్గర మొహం చాటేస్తాయి.

వ్యాకరణం చదివిన వారికి ఒక నానుడి తెలుసు. ఆగమం మిత్రునిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి తోసి తాను కూర్చుంటుంది. యంత్రంలో వేసే ప్రతి కొత్త భాగమూ ఆదేశమే. ఒకదాన్ని తోసి కూర్చుంటుంది, ఆపైన పక్కవారినీ మారమంటుంది. పిస్టన్ మారితే పెట్రోలు మారాలి, పొగగొట్టం మారితే ఇంధనపు పాలు మారాలి. టైరు మారినందుకే కదా ఇంత కథ.

చివరకు గుండ్లు, వెనుక స్ప్రింగు, కొత్త బెల్టు మాత్రమే మార్చారు. బిళ్ళల ముఖాలను జిడ్డు లేకుండా తుడిచారు. బరువు లాగేటప్పుడు 'ఎల్' గేరులోనే నడపాలని ఆసామి గట్టిగా చెప్పాడు. మరునాడు దుంగల బండి మిట్ట మీదికి ఆగకుండా వెళ్ళింది. ఇంజను తెరవనేలేదు.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. "నేను నడుపుతాను" అన్నాడు మనవడు. పక్క పొలాల్లో వాడి ఈడు పిల్లలు నడుపుతున్నారు. అల్లుడుగారు సగం ఒప్పుకున్నట్టే ఉన్నారు. అల్లుడింట మామగారు మితంగా మాట్లాడాలన్నది మన మర్యాద. బిడ్డ తండ్రి ఆయన, నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి. అయినా ఆ రాత్రి భోజనాలయ్యాక అన్నాను: "అల్లుడుగారూ, నిన్నటి బండి వేరు, ఇవాళ్టి బండి వేరు. నిన్న తొందరపడి మీట నొక్కినా అది మూలిగి ఊరుకునేది. ఇవాళ అదే నొక్కుకు ముందు చక్రాలు లేస్తాయి. మనం దాని బలం పెంచాము, వాడి బలం పెంచలేదు."

ఆ బండి బరువు దాదాపు మూడు వందల కిలోలు. వాలు మీద వెనక్కు తిరగబడితే పన్నెండేళ్ళ ఛాతీ దాన్ని మోయలేదు. పదహారేళ్ళ లోపువారు నడపరాదని బండి మీదనే చీటీ అంటించి ఉంది. అమెరికా శిశువైద్యుల అకాడమీ చెప్పేదీ అదే. ఏటీవీ నడపడం మెడ తిప్పి, ఒళ్ళు వంచి, తన బరువును బండికి ఎదురు తూకంగా వేసే విద్య. తూకం వేయడానికి ముందు తన దగ్గర తగినంత బరువుండాలి కదా.

అల్లుడుగారు మారు పలకలేదు. రెండు రోజులు ఇంట్లో మాటలు పొదుపుగా సాగాయి. మా అమ్మాయి ఎవరి పక్షమూ వహించక గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా పెట్టింది. మూడోరోజు ఉదయం ఆయన తాళంచెవి తీసి తన చొక్కా జేబులో వేసుకొని, కొడుకును పిలిచి చెప్పారు: "పదహారు నిండాక. అందాకా దాని కడుపులో ఏముందో నేర్చుకో." వాడు ఏడ్చాడు. రెండు పూటలు నాతోనూ మాట్లాడలేదు. నాకది కష్టంగానే ఉండింది. తిరుగు ప్రయాణానికి పదకొండు రోజులే ఉన్నాయి.

తరువాత వాడే ఒక నోటుపుస్తకం తెచ్చాడు. మూత విప్పిన తేదీ, బెల్టు వెడల్పు, గుండు బరువు రాసుకోవడానికి. తెలుగులో రాద్దామన్నాను. గిలక, బిళ్ళ, గుండు, గాడి, వారు, అరుగుదల. పాఠ్యపుస్తకాల ప్రకారం ఫోర్స్ బలం, ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. ఇరుసును తిప్పే టార్కును బలభ్రామకమని చెబితే వాడు నవ్వాడు, "తిప్పుబలం" అని తానే మార్చాడు. నేను కాదనలేదు. లో-ఎండ్ పవర్‌కు నేను 'తొలిపట్టు' అన్నాను. క్లచ్ అన్నా పట్టే, నేల మీద చక్రానికి కావలసినదీ పట్టే. ఇంతకన్న మంచి మాట ఎవరికైనా స్ఫురిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

మొన్న ఫోనులో వాడు చెప్పిన వాక్యం ఇది: "తాతయ్యా, గుండ్లు ఒక పక్క అరిగి చదునైపోయాయి, దొర్లట్లేదు, జారుతున్నాయి. కొత్తవి వేశాం." వాక్యంలో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. బండిని వాడింకా నడపలేదు.