సైకిలు కడిగిన నీళ్ళు

‘అడుసు తొక్కనేల, కాలు కడుగనేల’ అన్న పెద్దల మాట వివేకం గలదే. కాని కృష్ణా డెల్టాలో పుట్టినవారికి అడుసు తొక్కనిదే గడవదు. వరి పండేది అడుసులోనే. వరికోతలకు ముందు చల్లిన మినుము మొలకెత్తేదీ ఆ తడి మాగాణిలోనే. అందుచేత కాలు కడగాలా వద్దా అన్న విచికిత్సకు ఇక్కడ తావు లేదు. దేనితో కడగాలి, కడిగిన నీటిని ఎక్కడ పారబోయాలి అన్నవే ఇక్కడి ప్రశ్నలు. ఒక ఇంటర్మీడియట్ విద్యార్థికి ఆ ప్రశ్నలు సైకిలు మూలంగా ఎదురయ్యాయి.

అతనిది రేపల్లెకు దిగువన, సముద్రానికి చేరువగా ఉన్న ఒక పల్లె. తండ్రి కౌలురైతు. కొడుకు పదవ తరగతి నెగ్గి తెనాలిలో కళాశాలలో చేరగానే, ఆ ఏటి మినుములు అమ్మిన డబ్బులో కొంత తీసి గేర్లున్న మౌంటెన్ బైకు కొనిపెట్టాడు. కొండ అన్నదే కనిపించని నేలమీద కొండదారుల సైకిలెందుకని ఇరుగుపొరుగువారు నవ్వారు. వానాకాలంలో డొంకదారి బురదలో కూడా దాని వెడల్పాటి టైర్లు కూరుకుపోకుండా సాగిపోవడం చూసి మిన్నకున్నారు. తెనాలిలో అతడు మేనమామ ఇంట ఉండేవాడు. సైకిళ్ళ మరమ్మతు ఆ మేనమామ జీవనోపాధి. సెలవులు వస్తే కుర్రవాడు సైకిలుమీదే సొంత ఊరికో, బాపట్లలో కాపురమున్న అక్క ఇంటికో బయలుదేరేవాడు.

అయితే మూడు చోట్లా అంటే మురికి ఒకటి కాదు. తెనాలి వీధులలో టైర్లకు పట్టేది నల్లని ఒండ్రుమట్టి, వాహనాలు కార్చిన నూనె జిడ్డు. బాపట్ల సమీపాన సూర్యలంక తీరంలో చైను సందుల్లో చేరేది ఇసుక. దానికి తోడు ఉప్పుగాలి. రేపల్లె దిగువ పల్లెల్లో అంటుకొనేది చౌడునేల బురద, రొయ్యల చెరువుల గట్లమీది ఉప్పుతడి. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. ఆ నీటిలో ఉప్పు కరిగి ఉంటే విద్యుత్తు సులభంగా ప్రసరిస్తుంది. తుప్పు పట్టే చర్య వేగం పుంజుకుంటుంది. మొదటి వానాకాలం ముగిసేసరికే కొత్త సైకిలు చైనుమీద ఎర్రని పొడి కనిపించింది. తండ్రి కష్టార్జితం కళ్ళముందు కరిగిపోతున్నట్లు తోచి కుర్రవాడు కలవరపడ్డాడు.

ఆదుర్దాలో ఆలోచన తక్కువ. పల్లెలో చేతిపంపు నీళ్ళతో బట్టలసబ్బు పెట్టి రుద్దాడు. నురగ రాలేదు సరికదా, పెరుగు విరిగినట్లు తెల్లని తెట్టు తేలింది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారతాయని రసాయనశాస్త్రంలో చదివిన పాఠం అప్పుడు గుర్తుకు రాలేదు. తరువాత చాకలిసోడా కలిపిన నీళ్ళతో కడిగాడు. చక్రాల రిమ్ములు అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినవి. క్షారం తగిలితే అల్యూమినియం దెబ్బతింటుంది. రిమ్ములు మెరుపు పోయి మసకబారాయి. చివరకు తెనాలి వచ్చి, ఒక రాత్రి కిరోసిన్‌లో గుడ్డ ముంచి సైకిలంతా తుడిచాడు. తెల్లవారేసరికి సైకిలు అద్దంలా ఉంది.

ఆ ఉదయమే కాలువ వంతెన దిగుతుండగా, ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొని ఒక వృద్ధురాలు ఎదురైంది. కుర్రవాడు బ్రేకు పట్టాడు. కిరోసిన్ జిడ్డు అంటిన రిమ్ముమీద బ్రేకు రబ్బర్లు జారిపోయాయి. గంప దొర్లింది, ఆమె మోచేయి గీసుకుపోయింది. వణుకుతున్న చేతులతో అతడు తోటకూర కట్టలు ఏరి గంపలో పెట్టాడు. ఆమె తిట్టలేదు. సైకిలువంక ఒకసారి చూసి, “మెరుస్తోంది గాని ఆగటం లేదేం నాయనా?” అని మాత్రం అంది.

సాయంత్రం ఆ సంగతి విన్న మేనమామ కోప్పడలేదు. “అల్లుడూ, రోగం తెలుసుకోకుండా మందు వేశావు. బాపట్ల వ్యవసాయ కళాశాలవాళ్ళు నేలను పరీక్షించకుండా ఎరువు వేయమంటారా? మురికికీ అంతే” అన్నాడు. ఎండిన బురదను రుద్దితే అందులోని ఇసుక రంగును గీరుతుంది. ముందు మంచినీళ్ళతో నానబెట్టాలి. ఉప్పు మంచినీటికే కరుగుతుంది. దానికి సబ్బు అవసరం లేదు, ఆలస్యం చేయకుండా ఆనాడే కడగడం అవసరం. మిగిలిన మురికికి క్షారగుణం లేని వాహనాల షాంపూ మేలు. అది లేనప్పుడు బకెట్టు నీటిలో గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు చాలు. కిరోసిన్ చైనుకు మాత్రమే, అదీ చిన్న బ్రష్షుతో. రిమ్ముకు తగలనీయరాదు. పైపుతో నీళ్ళు ఉరవడిగా కొడితే హబ్బులో గ్రీజు కొట్టుకుపోతుంది. చివర పొడిగుడ్డతో తుడిచి, చైనుకు నూనె చుక్కలు వేసి, అదనపు నూనెను తుడిచివేయాలి. మేనమామ ఇవన్నీ చేసి చూపించాడు.

“కుంకుడురసం వాడితే, మామయ్యా? చెట్టున కాసినదే కదా, ఎవరికీ హాని ఉండదు” అన్నాడు కుర్రవాడు. అంతలో తానే ఆగిపోయాడు. రొయ్యపిల్లలను వదలడానికి ముందు చెరువులో పనికిరాని చేపలను చంపడానికి తేయాకు గింజల పిండి చల్లుతారు. ఆ పిండిలో చేపలను చంపేది సపోనిన్. కుంకుడుకాయకు నురగనిచ్చేదీ సపోనిన్లే. ప్రకృతి ఇచ్చినదైనంత మాత్రాన ఎక్కడ పారబోసినా చెల్లుతుందన్నది నిజం కాదు.

మరునాటి ఆదివారం అతడు బకెట్టు, షాంపూ పట్టుకొని కాలువ మెట్లవైపు నడిచాడు. మేనమామ అడ్డుచెప్పలేదు. “ఈ కాలువ ఎటు పోతుందిరా?” అని మాత్రం అడిగాడు.

తెనాలి గుండా మూడు కాలువలు ప్రవహిస్తాయి. 1855లో విజయవాడ దగ్గర పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజి ఈ ప్రాంతానికి కృష్ణ నీటిని అందించాయి. ఆ మూడింటిలో ఒకదాని పేరు నిజాంపట్నం కాలువ. అది ఏ దిక్కుకు సాగుతుందో పేరే చెబుతుంది. డెల్టా చివరి పల్లెల్లో భూగర్భజలం ఉప్పన. అక్కడి మంచినీటి చెరువులు కాలువ నీటితోనే నిండాలి. తన తల్లి బిందె ముంచేది అటువంటి చెరువులోనే. ఎగువ ఊళ్ళవారు కాలువలో వదిలినదంతా దిగువవారి బిందెలవైపే సాగుతుంది.

కుర్రవాడు వెనుదిరిగాడు. పెరటిలో కొబ్బరిచెట్టుకు దూరంగా, మట్టినేలమీద సైకిలు నిలిపాడు. చైను తుడిచిన కిరోసిన్‌ను డబ్బాలో మూతపెట్టి మళ్ళీ వాడటానికి దాచాడు. ఒక బకెట్టుతో తడిపి, మరో బకెట్టుతో కడిగాడు. మేనమామ కూతురు వచ్చి, “కాలువ ఇంత దగ్గరుండగా నీళ్ళు మోసుకొస్తావేం బావా?” అని అడిగింది.

“ఆ నీళ్ళు మా అమ్మ దగ్గరికి పోతాయి” అన్నాడతడు, బ్రేకు పట్టి చక్రాన్ని తిప్పి చూస్తూ. చక్రం ఆగింది.