కాణిపాకమున కలిసికొందుమా?

చిత్తూరునుండి కాణిపాకము సుమారు 12 కిలోమీటర్ల దూరము. బస్సెక్కినచో అరగంట ప్రయాణము. త్రోవ పొడవునను చెరకు మడులును మామిడి తోటలును కన్నులకు చల్లగా నుండును. ఊరు బాహుదానదీ తీరమున నున్నది. వరసిద్ధివినాయకస్వామికి మ్రొక్కుకొనని యిల్లు మా ప్రాంతమున అరుదు. అయినను ఈ మారు మేము పోయినది మ్రొక్కు చెల్లించుటకు గాదు, ఒక సందేహము తీర్చుకొనుటకు.

మావారు హైస్కూలునందు ఉపాధ్యాయులు. ఇరువదియేండ్ల క్రిందట వారియొద్ద పదవతరగతి చదివిన పిల్లలు ఇప్పుడు ఆత్మీయ సమ్మేళనము జరుపదలచిరి. ఇట్టివి నేడు మన జిల్లాలయందు పరిపాటియైనవి. పాత గంట మ్రోగించి ప్రార్థన చేయుదురు. గురువులకు శాలువలు కప్పుదురు. స్త్రీలందరును ఒకే రంగు చీరలు కట్టుదురు. ఒక్కొక్కరే లేచి తామేమైనదియు చెప్పుకొందురు. వీరు ఉదయము కాణిపాకమున స్వామిదర్శనము, పిమ్మట అచ్చటనే ఒక సత్రమున సభ యని తలపోసి, ఆ తావు ముందుగా చూచి రమ్మని మావారిని కోరిరి.

ఆ తరగతిలోని సోదరి యొకతె మా వీథిలోనే కాపురమున్నది. తొమ్మిదవతరగతిలో నుండగనే పెండ్లి చేసి బడి మానిపించిరి. నేడు కుట్టుమిషను త్రొక్కి యిద్దరు పిల్లలను చదివించుకొనుచున్నది. నెచ్చెలులు ఆమెను గూడ పిలిచిరి. "పరీక్షే రాయనిదాన్ని, లేచి నిలబడి ఏమని చెప్పుకొనేదక్కా?" అని ఆమె మమ్మడిగెను. మేము హైస్కూలు మెట్లెక్కిన వారము గాము. తండ్రిగారి వసారాలో అమరమును, ఆంధ్రభారతమును చదివికొన్నవారము. తోడ చదివినవారని చెప్పుకొనుటకు మాకొక్కరును లేరు. కావున వెంటనే బదులీయజాలక, మాతో కాణిపాకము రమ్మంటిమి.

పూర్వమీ యూరిపేరు విహారపురి యట. ముగ్గురన్నదమ్ములు, ఒకడు గ్రుడ్డి, ఒకడు మూగ, ఒకడు చెవిటి, కొద్దిపాటి పొలము సాగుచేసికొని బ్రతుకుచుండిరి. బావి యెండగా లోతు చేయుచుండ, గడ్డపార రాతికి తగిలి నెత్తురు చిమ్మెను. ఆ నీరు సోకినంతనే మువ్వురి యవిటితనమును తొలగెను. ఊరివారు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేలపై పారుటచే కాణిపాకమను పేరు వచ్చెనందురు. 11వ శతాబ్దమున మొదటి కులోత్తుంగచోళుడు ఆలయము కట్టించెనని చెప్పుదురు. స్వామి నేటికిని ఆ బావినీటి నడుమనే యున్నాడు. ఆ తీర్థము పుచ్చుకొనుచుండగా మాకొక యూహ తోచినది: అన్నదమ్ములు లోపములు తీరిన పిమ్మట బావికడకు రాలేదు గదా, లోపములతోనే వచ్చిరి!

స్వామి నానాటికి పెరుగుచున్నాడని భక్తుల నమ్మకము. పూర్వమొక భక్తురాలు సమర్పించిన వెండి కవచము నేడు స్వామికి చాలదని చెప్పుదురు. పదునాలుగేండ్లనాటి తమ రూపమున ఇప్పుడు ఇముడకపోవుదుమని వెఱచు సోదరీమణులు ఈ మాట తలచుకొనవలెను.

ఈ క్షేత్రము సత్యప్రమాణములకు పేరుపడినది. తగవులు వచ్చినవారు స్నానము చేసి, స్వామియెదుట నిలిచి ప్రమాణము చేయుదురు. ఇచ్చట కల్లలాడినవానికి శిక్ష తప్పదని జనుల విశ్వాసము. మా పొరుగామె చాలసేపు మౌనముగా నిలిచి, పిదప "కుట్టుపని చేసి బ్రతుకుతాను అంటే అబద్ధం కాదు కదక్కా" అనెను.

తరువాత ఏటి యొడ్డున కూర్చుంటిమి. మహాభారత శాంతిపర్వమున శంఖలిఖితుల కథ కలదు. లిఖితుడు అన్నతోటలో అడుగక పండ్లు తినెను. అన్న పంపగా తానే రాజుకడకు పోయి శిక్ష కోరి చేతులు పోగొట్టుకొనెను. బాహుదలో మునుగగా చేతులు మరల వచ్చెను. ఆ కథ జరిగినది ఈ యేటనే యని ఇచ్చటి వారందురు. ఈమె చేయని తప్పునకు చదువు తెగినది. అది యొక్క మునుకతో అతుకునది గాదు. అయినను దారి లేకపోలేదు. 1991లో స్థాపించిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా 14 ఏండ్లు నిండినవారెవరైనను పదవతరగతి పరీక్ష వ్రాయవచ్చును. పై వయసునకు హద్దు లేదు. ఇది చెప్పినంతనే ఆమె మావారి వంక చూచెను. "నీవు నల్లబల్లపై లెక్క చేసిన దినమున తరగతి యంతయు చూచి వ్రాసికొనెడిది" అని వారనిరి. ఇరువదియేండ్లలో ఆ మాట ఆమెతో ఎవ్వరును అనియుండలేదు.

సోదరీమణులారా, ఇట్టి పిలుపు మీకును రావచ్చును. చీరకై అప్పు చేయవలసివచ్చునేని ఉన్న చీరతోనే పొండు. అచ్చట మిమ్ము బాధించినవారు ఎదురగుదురని మనసు వణకునేని మానుకొనుట తప్పు గాదు. కేవలము ఏమియు కాలేకపోతిమను సిగ్గుచే మానవలదు. తోడ చదివినవారే లేని మా వంటివారికి అట్టి యొక్క దినము కొన్నను దొరకదు.

సమ్మేళనమునాడు హాజరుపట్టీ చదువవలెనని పిల్లలు మావారిని కోరిరి. పదవతరగతి పట్టీలో ఆమె పేరు లేదు. అందుచే వారు తొమ్మిదవతరగతి పట్టీ చదువ నిశ్చయించిరి. ఆమె వచ్చెదనన్నది.