మీదే ఊరు?

సూరత్‌లోని ఖటోదరాలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు. మరమగ్గాల మోతలో పక్కవాడి మాటే వినపడదు. వినపడినా, అడిగేది ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాడు. చెప్పాల్సింది తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి. ఊరి పేరు చెబితే ఎదుటివాడి ముఖంలో ఏ కదలికా ఉండదు. అందుకే జవాబు ఊరితో మొదలవదు. ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, ఆ తర్వాత రైలు దిగే స్టేషన్. ఊరి వంతు వచ్చేసరికి వినేవాడి ఓపిక అయిపోతుంది.

పోనీ ఆ పై మెట్లయినా స్థిరంగా ఉన్నాయా? 2014 జూన్ 2కు ముందు ఆంధ్ర అని చెప్పుకున్నవారు ఇప్పుడు తెలంగాణ అంటున్నారు. 2016లో జిల్లాలు చీలాక, కరీంనగర్ అనే అలవాటున్న నోళ్లు సిరిసిల్ల అనో, జగిత్యాల అనో దిద్దుకోవాల్సి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది. మారింది చిరునామాయే.

తెలుగు పల్లెను పరాయివాళ్లకు పరిచయం చేయడంలో సూరత్‌కు పాత అనుభవమే ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఈ రేవు నుంచే గోల్కొండకు దారి పట్టాడు. కృష్ణాతీరంలోని కొల్లూరు వజ్రాల గని గురించి 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. అక్కడ ఆడా, మగా, పిల్లా, జెల్లా కలిపి 60,000 మంది పనిచేస్తున్నారన్నాడు. యూరప్ పాఠకులకు ఒక తెలుగు ఊరు అలా తెలిసింది. రాళ్ల బరువులు, ధరలు తెలిశాయి. తవ్విన చేతుల పేర్లు తెలియలేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది. సూరత్ మాత్రం ఎక్కడెక్కడి వజ్రాలకో సాన పడుతూనే ఉంది.

పేరున్న ఊళ్ల సంగతి వేరు. పోచంపల్లి అంటే 1951లో వినోబా భావే భూదానం గుర్తొస్తుంది, ఇక్కత్ చీర గుర్తొస్తుంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది కూడా. సిరిసిల్ల పేరు మాత్రం చాలాకాలం నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలతోనే బయటికి వెళ్లింది. ఈ రెంటికీ మధ్య, చెప్పుకోడానికి ఘనతా, విషాదమూ లేని ఊళ్లు వందలున్నాయి. సూరత్ బండి ఎక్కినవారిలో అలాంటి ఊళ్లవాళ్లు ఎందరో.

పరిచయం ఒకవైపు నుంచే కాదు. ఆ పల్లెలకు సూరత్ ముందు జరీ పోగుగా తెలుసు, తర్వాత చవక చీరగా తెలుసు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో వలస కూలీలు లక్షల్లో నగరం వదిలినప్పుడు దాని పేరు వినగానే జనం జడుసుకున్నారు. ఇక్కడ ‘ఆంధ్రావాలా’ అనిపించుకున్నవాడు, సెలవుపై ఊరెళితే ‘సూరతోడు’ అవుతాడు. రెండుచోట్లా పేరు కంటే ముందు వచ్చేది ఎక్కడివాడన్న మాటే.

అయితే అసలైన పరాయి శ్రోత ఇంట్లోనే ఉంటాడు. సూరత్‌లో పుట్టిన బిడ్డకు ఆ ఊరు ఎండాకాలం సెలవుల్లో చూసొచ్చే చోటు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది కాబట్టి అక్షరాలు వస్తాయి. ఊరు మాత్రం పాఠంలో రాదు. ఆ బిడ్డ ఏదో ఒకరోజు అడుగుతాడు: ‘‘మనకు అక్కడ మగ్గం ఉండె అంటవు గద బాపూ, మరి ఇక్కడికెందుకు వచ్చినం?’’

చెరువు, బతుకమ్మ, మార్కండేయుడి గుడి గురించి చెప్పడం సులువు. ఈ ప్రశ్నకు జవాబే కష్టం. చేమగ్గం మీద రోజులకు రోజులు నేసిన చీరను, సంతలో సగం ధరకే దొరికిన సూరత్ చీర ఓడించిందని చెప్పాలి. ఓడినవాడు గెలిచిన మగ్గం దగ్గరికే కూలికి వచ్చాడనీ చెప్పాలి. 12 గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, చెవుల్లో ఆగని హోరు... ఇవన్నీ ఆ ఊరి కథలోవే. వీటిని దాచి చెరువు గట్టు ఒక్కటే చూపిస్తే అది పర్యాటక శాఖ కరపత్రం అవుతుంది, ఊరు కాదు.

ఖటోదరా కూడా ఒకప్పుడు ఊరే. పెరిగిన నగరం దాన్ని కలిపేసుకుంది. అక్కడ పుట్టిన బిడ్డను రేపు మరోచోట ఎవరైనా ‘‘మీదే ఊరు?’’ అని అడిగితే ఏం చెబుతాడు? రెండు పేర్లు చెప్పగలిగితే మంచిదే. రెండోదాని కథ మాత్రం తండ్రి ఇప్పుడే చెప్పి ఉంచాలి.