పడవ అడుగున ఊట

అడుగు పొడిపొడిగా ఉన్న చెక్క పడవ కనిపించిందంటే అది ఒడ్డున పడి ఉందని అర్థం. అదీ దానికి మంచిది కాదు. వేసవంతా ఇసుక మీద ఎండిన పడవకు పలకలు కుంచించుకుపోయి అతుకుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. తిరిగి నీళ్లలోకి దింపిన రోజున అది జల్లెడే. తెలిసిన సరంగు గాభరా పడడు. లోతు లేని చోట కట్టేసి, నీళ్లు తోడుకుంటూ కూర్చుంటాడు. ఒకటి రెండు రోజుల్లో కర్ర నీళ్లు తాగి ఉబ్బుతుంది, అతుకులు చాలావరకు వాటంతటవే బిగుస్తాయి. మిగిలినవాటికే పీచు దూర్చడం, గుగ్గిలం పట్టించడం.

తెప్పకు ఈ బాధ లేదు. తాళ్లతో కట్టిన నాలుగు దుంగలకు కడుపెక్కడిది? వచ్చిన అల సందుల్లోంచి వచ్చినట్టే పోతుంది. కడుపున్న పడవకే ఈ చింతంతా. కోరమండల్ తీరంలో సరైన రేవులు లేని రోజుల్లో, దూరాన లంగరేసిన ఓడల నుంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చిన మసూలా పడవలైతే కారడాన్ని ముందే ఒప్పుకుని పుట్టినవి. మేకుల్లేవు, లోపల వంకీ కర్రల్లేవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల ఎత్తి ఇసుక మీద కొట్టినా పడవ వంగేదే గాని పగిలేది కాదు. ఆ కుట్ల వెంబడి నీరు ఊరుతూనే ఉంటుంది కనుక తెడ్లు వేసేవాళ్లతో పాటు తోడేవాడూ ఉండేవాడు. పాదాల దగ్గర నీళ్లు చేరుతుంటే కొత్తగా దిగిన దొరసానులు ఎంత హడలిపోయి ఉంటారో!

వాళ్ల భయం మరీ ఉత్తదీ కాదు. నీటిమట్టానికి మీటరు లోతున అంగుళం బెజ్జం పడితే నిమిషానికి దాదాపు 80 లీటర్లు లోపలికి వస్తాయి. అంటే పది లీటర్ల బకెట్లు ఎనిమిది, అదీ ఆగకుండా. బరువొక్కటే అయితే సర్దుకోవచ్చు. పడవ ఒక పక్కకు ఒరిగితే కట్టిన బస్తా కదలదు, నీళ్లు మాత్రం ఆ పక్కకే పరుగెత్తి దాన్ని ఇంకా ఒరగదోస్తాయి.

నన్నడిగితే, తోడే ముందు ఆ నీళ్లను ఒకసారి చూడాలి. సముద్రం మీద తిరిగే పడవలో ఉప్పగా ఉంటే అతుకో గొట్టమో కారుతోంది. చప్పగా ఉంటే వాననీరో, తాగునీటి ట్యాంకో. వాననీరే కదా అని వదలకూడదు, చెక్కను కుళ్లబెట్టడంలో ఉప్పునీటి కంటే మంచినీటిదే పైచేయి. పైన రంగురంగుల పొర తేలితే ఇంజిన్ నూనె కారుతోందన్న మాట. ఆ నీళ్లను అలాగే బయటికి తోడెయ్యడం తప్పు. పెద్ద ఓడలకైతే మార్పోల్ ఒప్పందం పది లక్షల పాళ్లలో 15 పాళ్లకు మించి నూనె ఉన్న నీటిని సముద్రంలోకి వదలనివ్వదు.

ఫైబర్ పడవలు వచ్చాక అతుకుల గొడవ పోయింది. బ్యాటరీ పంపు, ఫ్లోట్ స్విచ్ వచ్చాయి. నీరు లేవగానే పంపు దానంతటదే ఆన్ అవుతుంది. నాకు దాని మీద అనుమానం అక్కడే. డొప్పతో తోడేవాడికి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చేతులే చెప్పేవి. పంపు ఆ కబురు చెప్పదు, బ్యాటరీ అయిపోయే దాకా ఊట పెరిగిన సంగతి దాచిపెడుతుంది. అలాగని ప్రతి చుక్కా శత్రువు కాదు. ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోట పాతకాలపు ప్యాకింగ్ ఉంటే, ఇంజిన్ నడిచేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాల్సిందే. షాఫ్టును చల్లబరిచేది ఆ నీరే. చుక్క కూడా పడకూడదని పట్టుదలకు పోయి బిగిస్తే ప్యాకింగ్ మాడుతుంది, షాఫ్టు అరుగుతుంది.

ఇన్ని చూసుకున్నవాళ్లు కూడా మరిచిపోయేది అడుగునున్న అడ్డకర్రల బెజ్జాల్ని. ముందు చేరిన నీరు వెనకనున్న పంపు దాకా వెళ్లే దారి అదే. చేప పొలుసులు, తాడు పోగులు, రంగు పెచ్చులు అక్కడ ఇరుక్కుంటే పంపు దగ్గర పొడి, ముక్కు దగ్గర మడుగు. పూర్వం కొందరు ఆ బెజ్జాల గుండా ముందు నుంచి వెనక్కి సన్నటి గొలుసు వేసి ఉంచేవారు. వారానికోసారి అటూ ఇటూ లాగితే మురికి కదిలిపోతుంది. గొలుసు ఇత్తడిదైతే తుప్పు బాధ కూడా ఉండదు.